శ్రమదానానికి దరఖాస్తు

2025 ఉగాది నాడు, పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైందా బెల్లం తక్కువైందా అని మా ఇంట్లో ఏటేటా జరిగే పంచాయతీ జరుగుతుండగా, మా మనవరాలు లాప్‌టాప్ చంకన పెట్టుకొని వచ్చి, "తాతయ్యా, నా ప్రపోజల్ కాస్త చూసిపెడతావా?" అంది. మా ఆవిడ ఉలిక్కిపడి, "ఎవరే అబ్బాయి?" అంది.

అబ్బాయి కాదట. లిబ్రేఆఫీసట.

మనవరాలు బీటెక్ మూడో ఏడు. కంప్యూటర్ సైన్సు అని వేరే చెప్పాలా? ఎండాకాలం సెలవుల్లో లిబ్రేఆఫీసు అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో, అంటే ఎవరైనా కోడ్ చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్ మీద, పనిచేద్దామని దానికి బుద్ధి పుట్టింది. మంచి బుద్ధే. వెళ్లి చేసుకోవే, ఎవరు వద్దన్నారు అన్నాను. అలా కుదరదట. ముందు దరఖాస్తు పెట్టాలట. వాళ్లు చూడాలట, మార్కులు వేయాలట, మేలో ఫలితాలు చెప్పాలట. నాకు అక్కడ మొదలైంది మంట. ఇప్పటికీ పూర్తిగా ఆరలేదు కాబట్టి రాస్తున్నాను.

మా రోజుల్లో దరఖాస్తు అంటే ఉద్యోగానికి పెట్టేది. ఫుల్‌స్కేప్ కాగితం, పోస్టల్ ఆర్డరు, సర్టిఫికెట్ల నకళ్ల మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం, సొంత చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు. ఆ సంతకం కోసం పశువైద్యుడి ఇంటి ముందు రెండు గంటలు నిలబడ్డవాణ్ణి నేను. అది జీతం ఇచ్చే కొలువు కాబట్టి నిలబడ్డాను. మా ఊరి చెరువు పూడిక తీసేటప్పుడు మాత్రం తట్టా పారా పట్టుకొని వెళ్తే చాలు. కరణంగారు అడ్డంగా నిలబడి, "నీకు పూడిక తీయాలని ఎందుకనిపించింది? ఇంతకుముందు ఎక్కడెక్కడ తీశావు? వారం వారీగా ఎన్ని తట్టలు మోస్తావో పట్టిక వేసి ఇయ్యి" అని ఎవర్నీ అడగలేదు.

మనవరాలి ప్రపోజల్లో నిజంగానే వారం వారీ పట్టిక ఉంది. మొత్తం పద్నాలుగు పేజీలు. మొదటి వారం కోడ్ చదివి అర్థం చేసుకొనుట. రెండో వారం డిజైను. అయిదో వారం ఎదురైన బగ్గులు సరిచేయుట. అయిదో వారంలో ఏ బగ్గు ఎదురొస్తుందో నీకు మార్చిలోనే ఎలా తెలిసిందే? సాయంత్రం గుళ్లో పంచాంగ శ్రవణం ఉంది, పద, సిద్ధాంతిగారిని ఆదాయ వ్యయాలతో పాటు అదీ అడుగుదాం అన్నాను. అది నవ్వలేదు. వాళ్ల అమ్మ, అంటే మా అమ్మాయి, వంటింట్లోంచి "నాన్నా, చూస్తే చూడు, లేకపోతే లేదు" అంది.

సరే, చూద్దామని కళ్లజోడు పెట్టుకున్నాను. అసలు ఈ వ్యవహారమేమిటో చెప్పమన్నాను. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అని దాని పేరు. 2005లో మొదలుపెట్టారు. ఓపెన్ సోర్స్ సంస్థలు మా దగ్గర ఈ పనులున్నాయి అని జాబితా పెడతాయి. కుర్రకారు అందులో ఒకటి ఎంచుకొని దరఖాస్తు పెడతారు. 2025లో ఒక్కొక్కరికి మూడు దరఖాస్తులకు మించి వీల్లేదు. పని ఆ సంస్థది, డబ్బు గూగుల్‌ది. 2022 నుంచి విద్యార్థులే కానక్కర్లేదు, 18 ఏళ్లు నిండి ఈ దారికి కొత్తవాళ్లయితే చాలు. ఎంపికైతే మెంటర్ అని ఒక పెద్దమనిషిని అప్పగిస్తారు. పని వెంటనే మొదలవదు. మూడు వారాల పైచిలుకు కమ్యూనిటీ బాండింగ్ అట, అంటే ఒకరినొకరు పరిచయం చేసుకోవడం. మన పెళ్లిళ్లలో మూడు నిద్దర్లు లాంటిదన్నమాట. ఆ తర్వాత చిన్న పనైతే 90 గంటలు, మధ్యరకానికి 175, పెద్దదానికి 350.

"డబ్బెంత?" అన్నాను. ఇలాంటివి అడగడానికి మా తరం మొహమాటపడదు.

ఏ దేశంలో ఉంటే ఆ దేశపు ఖర్చుల్ని బట్టి ఇస్తారట. ఆ ఏడు మన దేశంలో ఉండి 350 గంటల పని చేస్తే 3000 డాలర్లు. సుమారు రెండున్నర లక్షల రూపాయలు. 1979లో నేను ఉద్యోగంలో చేరినప్పుడు డి.ఏ. కలిపి నా జీతం 900 చిల్లర. ఆ లెక్కన దీని ఒక్క వేసవి నా ఇరవై మూడేళ్ల సంపాదన. ఇంతకీ ఇది శ్రమదానమా, కూలా? కూలైతే దరఖాస్తు పెట్టమనడం న్యాయమే. శ్రమదానమైతే డబ్బెందుకు? రెండూ కలిపి కొట్టిన ఈ పులిహోరకు నా బుర్రలో ఇప్పటికీ అర దొరకలేదు.

నా చాదస్తానికి మూలం కార్డుల్లో ఉంది. నేను ప్రోగ్రామింగ్ నేర్చుకున్నది 1977లో, ఫోర్‌ట్రాన్‌లో. కంప్యూటర్ ముందు కూర్చొని కాదు, కంప్యూటర్ ఉన్న గది బయట వరండాలో నిలబడి. కోడింగ్ షీటు మీద పెన్సిల్‌తో రాయాలి. ఆరో గడి కొనసాగింపు గుర్తుకి, ఏడో గడి నుంచి అసలు వాక్యం, 72 దాటి రాస్తే కంపైలర్‌ కంటికి ఆనదు. ఒక లైనుకి ఒక కార్డు, కార్డుకి 80 గడులు. కట్టకి రబ్బరు బాండు వేసి, అంచు మీద ఏటవాలుగా ఇంకుతో ఒక గీత గీసేవాళ్లం. చేయి జారి కట్ట కింద పడితే ఆ గీతను బట్టి కార్డులు మళ్లీ వరసలో పేర్చుకోవాలి కదా. ఇప్పుడు కోడ్ మార్పులు వరసలో దాచడానికి గిట్ గిట్ అంటారే, మాకు ఆ ఏటవాలు గీతే గిట్. కట్టని కిటికీలోంచి లోపలికిస్తే మర్నాడు ప్రింటవుట్ బయటికొచ్చేది. ఒక్క కామా తప్పిందా, ఒక రోజు పోయినట్టే. అందుకని ఇచ్చేముందు పదిసార్లు చదివేవాళ్లం, పక్కవాడి చేత చదివించేవాళ్లం. యంత్రం గంట ఖరీదు, మనిషి గంట చవక. చదవకుండా రాయడమనేది మాకు తెలీదు. దానికి మేమేదో పుణ్యాత్ములమని కాదు, గతిలేక.

ఇక నా శ్రమదానం సంగతి. 1996లో ఒక కంప్యూటర్ పత్రికతో పాటు లైనక్స్ సీడీ వచ్చింది. ఆఫీసులో మూల పడేసిన ఒక 486 మీద ఎక్కించాను. తెర మీద బొమ్మలు రావడానికి మానిటర్ అంకెలు చేత్తో రాయాలి. తప్పు రాస్తే మానిటర్ కాలిపోవచ్చని ముందే బెదిరించి ఉంచారు. నెల పట్టింది. అందులో ఉత్తరాలు చదువుకొనే ఒక ప్రోగ్రాం ఉండేది. పేరు చెప్పను, రాసినాయన మంచివాడు. అది మన టైముని అరగంట తప్పు చూపించేది. ఎందుకా అని చూస్తే, ఆయన ప్రపంచంలో గడియారాలన్నీ గంటల లెక్కన తేడా ఉంటాయనుకున్నాడు. మనం గ్రీనిచ్‌కి అయిదున్నర గంటలు ముందు. ఆయన అయిదు తీసుకొని ఆ అరని వదిలేశాడు. కోట్లమంది బతికే అరగంట అది!

సోర్స్ కోడ్ ఆ సీడీలోనే ఉంది. మూడు రాత్రులు చదివాను. మూడు లైన్లు మార్చాను. పాతదానికీ కొత్తదానికీ తేడా ఏమిటో డిఫ్ తీశాను. ఆ తేడాను అవతలివాళ్లు తమ కోడ్‌కి అతికించుకొనే ప్యాచ్ అనే ప్రోగ్రాంను లారీ వాల్ 1985లోనే రాసి పెట్టాడు. ప్యాచ్ అంటే అతుకు. చిరిగినచోట మాత్రమే వేసేది. ఆ మాటలో ఉన్న అణకువ ఈనాటి కంట్రిబ్యూషన్‌లో ఉందా? ఇంటర్నెట్ మాకు లేదు. మా మేనల్లుడి పేరు మీద 500 రూపాయల విద్యార్థి ఖాతా ఉంటే అందులోంచి పంపాను. నల్ల తెర, తెల్ల అక్షరాలు. నాకప్పుడు 39 ఏళ్లు. విద్యార్థి ఖాతాలోంచి పంపాను కాబట్టి విద్యార్థి ప్రోగ్రామర్ కిందే లెక్క వేసుకోవచ్చు.

పంతొమ్మిది రోజులకి జవాబొచ్చింది. ఒకే ఒక్క మాట. ట్యాబులు. అంతే. నమస్కారం లేదు, సంతకం లేదు. ఏమిటీ మనిషి అనుకొని రెండు రోజులు అలిగాను. మూడో రోజు తెలిసింది, నా ఉత్తరాల ప్రోగ్రాం దారిలో ట్యాబులన్నిటినీ ఖాళీలుగా మార్చేసింది. కంటికి రెండూ ఒకటే, ప్యాచ్ ప్రోగ్రాంకి కాదు. అతుకు అతకలేదు. మళ్లీ పంపాను. తర్వాత నాలుగు నెలలు ఉలుకూ పలుకూ లేదు. కొత్త వెర్షన్ ఇంకో పత్రిక సీడీలో వచ్చినప్పుడు మార్పుల జాబితా తెరిచి చూశాను. అరగంట సరిచేయబడినది అని ఉంది, పక్కన కృతజ్ఞతలు అని మా ఇంటిపేరు ఉంది. ఇంటిపేరు ఒక్కటే. మనం ఇంటిపేరు ముందు రాసుకుంటాం కదా, ఆయన అదే నా పేరనుకొని మిగతాది వదిలేశాడు. కాబట్టి ఆ మూడు లైన్ల ఘనత మా ముత్తాత దగ్గర్నుంచి మా బాబాయి కొడుకుల దాకా అందరికీ సమానంగా దక్కింది.

ఈ కథ మా ఇంట్లో ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ఉగాది నాడూ చెప్పాను. "ఎవరికైనా దరఖాస్తు పెట్టానా? చదివాను, రాశాను, పంపాను. లైనక్స్ రాసిన లైనస్ టోర్వాల్డ్స్ ఎవరికి పెట్టాడే దరఖాస్తు? 1991 ఆగస్టులో హెల్సింకీలో 21 ఏళ్ల కుర్రాడు, నీలాంటి విద్యార్థే, ఒక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నాను అని నలుగురికీ చెప్పాడు. అంతేగా?"

"ఆయన ఎమ్మెస్సీకి ఎనిమిదేళ్లు పట్టింది తాతయ్యా" అంది మనవరాలు. "1988లో చేరితే మధ్యలో ఒక ఏడాది సైన్యంలో చేసి, అన్నీ అయ్యేసరికి 1996. నాకు ఎనిమిదేళ్లిస్తారా? అమ్మని అడుగు."

వంటింట్లోంచి గిన్నె చప్పుడు తప్ప జవాబు రాలేదు.

"ఇంకోటి, ఆయన ఆ కంప్యూటర్ వాయిదాల మీద కొన్నాడు. అక్కడ చదువుకి ఫీజు లేదు. నాకు వేసవిలో రెండు దార్లే. జీతం లేని ఇంటర్న్‌షిప్పు, లేకపోతే ఇది."

ఇవన్నీ దీనికి ఎవరు చెప్పారో! వాదన మన చేతిలో లేనప్పుడు తెలుగు వైపు తిరగడం నా అలవాటు. అక్కడైతే నాకు బలం ఉంది. తెలుగు తెర మీదకి దరఖాస్తులతో రాలేదు. 1990ల మొదట్లో అమెరికాలో రైస్ యూనివర్సిటీలో చదువుకుంటున్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్, ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టిన తెలుగును తెలుగు లిపిలోకి మార్చే ప్రోగ్రాం చేశారు. ఆ యూనివర్సిటీ పేరు మీదే ఆ లిప్యంతరీకరణ పద్ధతికి ఆర్‌టీఎస్ అని పేరు నిలిచింది. ఇప్పటికీ మా ఈడు ప్రవాసాంధ్రుల వేళ్లు ఆ పద్ధతిలోనే కదులుతాయి. కెనడాలో ఉన్న తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన ఫాంటు చేసి ఊరికే ఇచ్చారు. హైదరాబాదులో స్వేచ్ఛ వాళ్లు కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టి మెనూలు, బటన్లు తెలుగులోకి మార్చుకుంటూ పోయారు. వారం వారీ పట్టికలు వేసుకొని మొదలుపెట్టారా వీళ్లంతా? మేం చేసుకోకపోతే మాకెవరూ ఫాంటు చేసిపెట్టరు అనుకొని మొదలుపెట్టారు.

మనవరాలు దీనికి ఎదురు చెప్పలేదు. తలూపింది. ఆ తలూపడంలో కాస్త జాలి ఉందని తర్వాత అనిపించింది.

ఇప్పుడు అసలు తిట్టు. 2005లో రెండు జరిగాయి. ఒకటి ఈ సమ్మర్ ఆఫ్ కోడ్. రెండోది గిట్. అంతకుముందు లైనక్స్ కోడ్‌కి వాడుతున్న బిట్‌కీపర్ అనే సరుకు ఉచితంగా దొరకడం ఆగిపోతే, లైనస్ ఏప్రిల్లో కొద్ది రోజుల్లో గిట్ రాసేశాడు. 2008లో దాని మీద గిట్‌హబ్ వచ్చింది, నా మార్పు తీసుకోండి అని అడగడానికి పుల్ రిక్వెస్ట్ అని ఒక బటన్ పెట్టింది. ట్యాబుల గొడవ పోయింది, పంతొమ్మిది రోజుల గొడవ పోయింది, సిగ్గు కూడా పోయింది. 2020 అక్టోబరులో నాలుగు పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్టు ఇస్తామని ఒక పండగ పెట్టారు. జనం ఏం చేశారు? ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైలు తెరిచి, ప్రాజెక్టు పేరు పక్కన అద్భుతమైన అనే మాట చేర్చి పంపారు. వేలకొద్దీ. ప్రాజెక్టులు చూసుకొనేవాళ్లు లబోదిబోమంటే, నెల మొదట్లోనే నిబంధన మార్చి, మేం పాల్గొంటాం అన్న ప్రాజెక్టులకే లెక్క అన్నారు. 2024లో ఎక్స్‌ప్రెస్ అనే పేరున్న ప్రాజెక్టు మీద మన దేశపు పిల్లలే పడ్డారు. ఒక వీడియో పాఠంలో పుల్ రిక్వెస్ట్ ఎలా పంపాలో చూపించడానికి దాన్ని ఉదాహరణగా వాడితే, చూసినవాళ్లు చూసినట్టే రీడ్‌మీలో తమ పేర్లు రాసి పంపారు. గుడి గోడల మీద బొగ్గుతో పేర్లు రాసేవాళ్ల మనవలే అయ్యుంటారు.

ఇది చాలదన్నట్టు ఇప్పుడు యంత్రమే రాసిపెడుతుంది. కర్ల్ అనే ప్రోగ్రాంను 1990ల నుంచి సాకుతున్న డానియల్ స్టెన్‌బర్గ్ 2025లో బహిరంగంగానే మొత్తుకున్నాడు. ఏఐ చేత రాయించిన భద్రతా లోపాల ఫిర్యాదులు వచ్చిపడుతున్నాయి, లేని లోపాన్ని పేజీలకొద్దీ పద్ధతిగా వర్ణిస్తున్నాయి, అవి అబద్ధమని తేల్చడానికి మనిషి గంటలు పోతున్నాయి అని. మా రోజులకి ఇది సరిగ్గా తలకిందులు. ఇప్పుడు యంత్రం గంట చవక, మనిషి గంట ఖరీదు. రాసేవాడు చదవడు. చదవాల్సిన భారమంతా అందుకొనేవాడి నెత్తిన.

"నీ పద్నాలుగు పేజీలు నువ్వే రాశావా, దాని చేత రాయించావా?" అని అడిగాను. దాని మొహం ఎర్రబడింది. తప్పుగా అడిగానని అప్పుడే తెలిసింది. కానీ నోరు జారాక కార్డుల కట్ట జారినట్టే, దాని మీద గీత కూడా లేదు.

సర్దుకోవడానికి ఎక్స్‌జెడ్ సంగతెత్తాను. అందరూ వాడే ఒక చిన్న కుదింపు సాఫ్ట్‌వేర్. దాన్ని ఒక్కడే మనిషి, జీతం లేకుండా, ఆరోగ్యం బాగోకపోయినా ఏళ్ల తరబడి చూసుకుంటున్నాడు. జియా టాన్ అనే పేరుతో ఎవరో వచ్చి రెండేళ్లకి పైగా ఓపిగ్గా సాయం చేసి, నమ్మకం సంపాదించి, తాళాలు చేతికొచ్చాక దొడ్డిదారి పెట్టేశాడు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన యంత్రంలో లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని తవ్వితే బయటపడింది. "చూశావా, అర సెకను! నా అరగంట లాగే. తేడా కనిపిస్తే వదలకుండా చదివేవాడే ప్రోగ్రామర్. దరఖాస్తులో ఇది తెలుస్తుందా?"

"ఆ దొంగ ఎలా వచ్చాడు తాతయ్యా?" అంది మనవరాలు.

"ఎలా ఏముంది, ప్యాచులు పంపుకుంటూ వచ్చాడు."

"దరఖాస్తు లేకుండా. మొహం చూపించకుండా. నీ పద్ధతిలో."

పచ్చడిలో వేపపువ్వే ఎక్కువైంది, సందేహం లేదు.

ఆ సాయంత్రం అది లాప్‌టాప్ తెరిచి ఇంకో సంగతి చూపించింది. లిబ్రేఆఫీసు వాళ్లు ఉత్త ప్రపోజల్ చూసి పని ఇవ్వరట. దరఖాస్తుకి ముందే కొన్ని చిన్న పనులు చేసి, ప్యాచులు పంపి, ఒప్పించుకోవాలట. ఈజీ హ్యాక్స్ అని వాటికి పేరు. కొత్తవాళ్లకి తగినవని ఏరి పెట్టిన బగ్గులు. జనవరి నుంచి ఇది ఆరు చేసింది.

"ఈ ముక్క పొద్దున్నే చెప్పొద్దూ?"

"నువ్వు చెప్పనిస్తేగా."

మొదటి పని ఏమిటంటే, కొన్ని హెడర్ ఫైళ్లలో ఒకే ఫైలు రెండుసార్లు చేరకుండా పాత పద్ధతిలో మూడు లైన్లు కాపలా ఉంటాయి. అవి తీసేసి ప్రాగ్మా వన్స్ అని ఒక్క లైను పెట్టాలి. మూడు లైన్లు! నేను ముందుకి జరిగి కూర్చున్నాను. గెరిట్ అనే చోట ప్యాచ్ పెడితే మొదట యంత్రాలు దాన్ని రకరకాల కంప్యూటర్ల మీద కట్టి చూస్తాయి, తర్వాత మనుషులు చూస్తారు. దీనికి నాలుగుసార్లు తిప్పి పంపారు. ఒకసారి వివరణలో మొదటి లైను పొడుగైందని, ఒకసారి సంబంధం లేని ఖాళీ లైను ఒకటి చెరిగిందని. ఆ వ్యాఖ్యలు చదివాను. మర్యాదగా ఉన్నాయి. నాకు వచ్చిన ఆ ఒక్క మాట గుర్తొచ్చింది. ఇన్ని మాటలు నాకెవరైనా రాసుంటే నేను రెండో ప్యాచ్ కూడా పంపేవాణ్ణేమో. అవును, నా శ్రమదానం ఆ ఒక్కదానితో ఆఖరు. ఇంట్లో ఎవరికీ ఇది తెలీదు. కథ ఎప్పుడూ ముత్తాత దగ్గర ఆపుతాను.

ఇంకా ఒకటుంది. నా ప్యాచ్‌లో టైము చివర 30 ఉంటే అరగంట కలుపు అని రాశాను. నేపాలు మనకంటే పావుగంట ముందు, అంటే గ్రీనిచ్‌కి అయిదుముప్పావు. నా కోడ్‌కి 45 కనిపిస్తే ఏం చేయాలో తెలీదు. రెండేళ్ల తర్వాత ఎవరో దాన్ని కూడా సరిచేశారు. ఎదుటివాడు నా అరగంటను మర్చిపోయాడని అన్ని రాత్రులు తిట్టుకున్నవాణ్ణి, పక్కింటివాడి పావుగంటను నేనూ మర్చిపోయాను.

మనవరాలు లిబ్రేఆఫీసు కోడ్ పుట్టుక చెప్పింది. 1980ల మధ్యలో మార్కో బోరీస్ అనే జర్మన్ కుర్రాడు 16 ఏళ్ల వయసులో స్టార్ డివిజన్ అనే కంపెనీ పెట్టాడు. వాళ్ల సరుకు స్టార్‌ఆఫీసు. 1999లో సన్ కంపెనీ దాన్ని కొని, మరుసటేడు కోడ్ బయటపెట్టింది. అది ఓపెన్‌ఆఫీస్ అయి, 2010లో చీలి లిబ్రేఆఫీసయింది. అందువల్ల కోడ్ మధ్యలో ప్రోగ్రామర్లు రాసుకున్న వ్యాఖ్యలు చాలా ఒకప్పుడు జర్మన్‌లో ఉండేవట. ఏళ్ల తరబడి స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు ఒక్కొక్క ఫైలు తీసుకొని ఇంగ్లిష్‌లోకి మార్చారట, అదీ ఒక ఈజీ హ్యాకేనట. శాసనాలు చదివే పని! అదీ చాలావరకు అయిపోయిందని తెలిసి నాకు నిజంగా బాధేసింది. జర్మన్ నేర్చుకొనైనా చేసేవాణ్ణి.

రాత్రి పడుకోబోయే ముందు అది ఒక కమాండు కొట్టి లాప్‌టాప్‌ను సోఫా పక్కన వదిలేసింది. ఏమిటంటే, మొత్తం కోడ్ కట్టడానికి దాని యంత్రానికి తెల్లారుతుందట. పొద్దున అయిదింటికి నేను లేచేసరికి ఫ్యాను రొద పెడుతోంది. తెర మీద ఎర్రటి అక్షరాలు. ఎక్కడో ఒక సెమీకోలన్. రాత్రి కిటికీలోంచి కట్ట లోపలికిచ్చి, పొద్దున ప్రింటవుట్ అందుకొన్నట్టే ఉంది. లేపాలా వద్దా అని కాసేపు ఆలోచించి, కాఫీ పెట్టుకొని, ఆ తప్పు ఉన్న ఫైలు ఏమిటో కాగితం మీద రాసి కీబోర్డు మీద పెట్టాను.

తర్వాతి వారమంతా ఆ పద్నాలుగు పేజీలు చదివాను. ఎర్ర పెన్నుతో. "సుసాధ్యం చేస్తాను" అనేవి కొట్టేశాను. "ప్రయత్నిస్తాను" అనేవి కూడా. ఏ ఫైల్లో ఏ ఫంక్షన్ అని అడిగాను. తెలిస్తే రాసింది, తెలీకపోతే వెళ్లి చదివి వచ్చి రాసింది. వారం వారీ పట్టిక మాత్రం తీయనివ్వలేదు, అది వాళ్ల నియమమట. పట్టుబట్టి ఒక వారం ఖాళీగా వదిలించాను. పక్కన ఏం రాయమంటావంటే, అనుకోనివి అని రాయమన్నాను. రాసింది. ఎనిమిది పేజీలకి దిగింది.

ఏప్రిల్ 8 ఆఖరు రోజు. గడువు గ్రీనిచ్ లెక్కలో సాయంత్రం ఆరు. దాని టేబుల్ ముందు గోడకి ఒక పసుప్పచ్చ కాగితం అంటించి ఉంది, రాత్రి 11 అని. పది నలభైకి అది గోళ్లు కొరుకుతూ, పీడీఎఫ్‌లో ఒక బొమ్మ పేజీ దాటిపోతోందని కూర్చుంది. వాళ్లమ్మ "ఉన్నదున్నట్టు పంపేయవే" అంటోంది. నేను ఆ కాగితం వైపు చూశాను. మళ్లీ చూశాను.

"ఆరుకి ఎంత కలిపావే?"

"అయిదు."

"అయిదు కాదే. అయిదున్నర."

అది తలెత్తి చూసింది. నేనేమీ అనలేదు. నా జన్మలో ఏమీ అనకుండా ఊరుకున్న సందర్భం అదొక్కటే అని మా ఆవిడ అంటుంది. బొమ్మ సరిచేసింది, అచ్చుతప్పులు రెండు దిద్దింది, 11 గంటల 19 నిమిషాలకి పంపేసింది. చేరినట్టు తెర మీద వచ్చాక కుర్చీలో వెనక్కి వాలింది.

నాకు వెంటనే ఒక అనుమానం వచ్చింది. "పేరెలా రాశావు? ఇంటిపేరు ముందు పెట్టావా, వెనక పెట్టావా?"

"అసలు పెట్టనేలేదు తాతయ్యా. ఒక్క అక్షరమే పెట్టా."

"అదేమిటే? మన ఇంటిపేరు..."

"మన కాదు తాతయ్యా. నాది నాన్నగారి వాళ్ల ఇంటిపేరు" అని లాప్‌టాప్ మూసేసింది.